కృపావరం మాస్టారి నూట ముప్ఫై బార్లు

అయ్యలారా, అమ్మలారా! బకెట్టు కాలం చెల్లింది. మగ్గు పరువు పోయింది. పాత లుంగీ ముక్కతో బండి తుడుచుకునే మనిషిని ఇంకా ఎవరైనా నాగరికుడంటే వాళ్లతో నాకు మాటలు లేవు. ఈ శతాబ్దంలో మానవజాతికి దక్కిన అసలైన వరం, నీళ్లను బలంగా చిమ్మి కడిగే ప్రెషర్ వాషర్! ఈ మాట ఆవేశంలో అనడం లేదు. బాగా ఆలోచించి, రెండు టీలు తాగి మరీ అంటున్నాను.

నమ్మకం కుదరలేదా? అయితే కృపావరం మాస్టారి సంగతి వినండి.

మాస్టారిది దివిసీమలో, కోడూరుకి ఇవతల ఒక ఊరు. పేరు చెప్పను. చెబితే ఆ ఊరి వాళ్లు నా మీద అలుగుతారు. చెప్పకపోతే చుట్టుపక్కల నాలుగు ఊళ్ల వాళ్లూ అది మాదేనంటారు. హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతారు ఆయన. ఏ పనైనా పద్ధతిగా చేస్తారు. కొబ్బరికాయ కొట్టాల్సి వచ్చినా ముందు కోణం చూసుకునే మనిషి.

ఆయన కూతురు ఏంజెల్ ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు పూర్తి చేసింది. అవనిగడ్డలో ఒక ల్యాబులో ఉద్యోగం వచ్చింది, చేరడానికి ఇంకా నెలన్నర గడువుంది. ఉదయం ఆరున్నరకల్లా అక్కడ ఉండాలి. పరగడుపున రక్తం ఇచ్చేవాళ్లు కడుపు మాడ్చుకుని కూర్చుంటారు కదా! వాళ్ల ఊరి మొదటి బస్సేమో ఏడింటికి, అదీ డ్రైవరు గారి టీ అయ్యాక. అందుకని మాస్టారు తన మోటార్‌సైకిలు కూతురికి ఇచ్చేయాలనుకున్నారు.

"నువ్వు చేరే సోమవారం పొద్దున్నే తాళాలు నీ చేతిలో పెడతానమ్మా. షోరూంలోంచి అప్పుడే వచ్చినట్టుంటుంది చూడు" అని మాటిచ్చారు. అమ్మాయి పొంగిపోయింది. ఆయన ఇంకా పొంగిపోయారు.

అయితే ఆ బండి వయసు పదకొండేళ్లు. దాని ఒంటి మీద చేల బురద ఒక పొర, కాలవగట్టు దుమ్ము ఒక పొర, రొయ్యల లారీల నుంచి కారిన నీళ్ల చారలు ఇంకో పొర. అడ్డంగా కోసి చూస్తే మాస్టారి సర్వీసెంతో తెలిసిపోతుంది. అలాంటి బండిని బకెట్టుతో కడిగి ఆడపిల్ల చేతికిస్తారా? ఇవ్వరు! ప్రెషర్ వాషర్ కొనాలి. కొంటే సరిపోదు, సరైనది ఎంచుకోవాలి.

మూడు వారాలు చదివారండీ! ఐదేళ్లకోసారి మనం ఓటేసే ముందు మూడు నిమిషాలు ఆలోచించం. ఆయన మూడు వారాలు ఒక పంపు గురించి చదివారు. రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్ పెట్టారు. అందులో పాఠ్యపుస్తకం భాషలో ఇలా ఉంటుంది: "ఎర్ర నాజిల్, సున్నా డిగ్రీలు. ధార సూదివలె వచ్చును. స్టిక్కరు, రబ్బరు, మనిషి చర్మం దేనినీ వదలదు. వాడరాదు. తెల్ల నాజిల్, నలభై డిగ్రీలు. ధార విసనకర్రవలె విచ్చుకొనును. బండికి ఇదియే శ్రేష్ఠము."

ఇంకో పేజీలో బండి బొమ్మ గీసి బాణాలు పెట్టారు. బండికి రెండడుగుల దూరంలో నిలబడాలి. ఇంజను చల్లారాకే కడగాలి. చక్రాల బేరింగులు, స్విచ్చులు, చైను, సైలెన్సర్ నోరు, వీటికి ఎదురుగా గన్ను పట్టకూడదు. మిషను నూట ముప్ఫై బార్ల పీడనం ఉన్నది తీసుకున్నా, దాన్ని సగానికి తగ్గించుకునే వీలుండాలి. పదో తరగతి పిల్లలకు ఆ వారం పీడనం పాఠం మూడుసార్లు చెప్పారు. సిలబస్‌లో ఉన్నది ఒక్కసారే.

ఒక శనివారం బస్సెక్కి గుడివాడ వెళ్లారు. మేనల్లుడు సుధీర్ అక్కడ ఒక బైకుల సర్వీసింగ్ షెడ్డులో పని చేస్తాడు.

"మావయ్యా, బార్లొక్కటే చూస్తే ఎట్టా? నిమిషానికి ఎన్ని లీటర్లు తోస్తదో చూడు" అన్నాడు సుధీర్.

"ఆరున్నర లీటర్లురా!"

"అబ్బో, మంచి మిషనే. తీసేసుకో."

నోట్‌బుక్‌లో 'ఆరున్నర లీటర్లు' కింద మాస్టారు రెండు గీతలు గీశారు. చూశారా, ఎంత శాస్త్రీయమో!

ఈ మహాయజ్ఞంలో అడ్డుపుల్ల వేసినవాడు ఒక్కడే. పోతయ్య. సముద్రం మీద వేటకు వెళ్తాడు. పడవ ఇంజను దరఖాస్తు నింపించుకుందామని మాస్టారి దగ్గరకొచ్చి, పాపం, అరగంట సేపు నాజిళ్ల గురించి విన్నాడు. విని, తల గోక్కుని, ఒక్క మాట అడిగాడు.

"అంతా బానే ఉంది గానండీ మాస్టారూ, నీళ్లెక్కడియ్యండీ?"

మాస్టారు పకపకా నవ్వారు. "సముద్రం పక్కన కూర్చుని నీళ్లెక్కడివంటావేంటి పోతయ్యా!"

పోతయ్య దరఖాస్తు మడిచి జేబులో పెట్టుకున్నాడు. మాస్టారితో వాదించి గెలిచినవాడు ఆ ఊళ్లో లేడు. సగం ఊరికి ఆయనే పాఠం చెప్పారు మరి. నన్నడిగితే తప్పు పోతయ్యదే! ఇలాంటి చొప్పదంటు ప్రశ్నలు వేసేవాళ్ల వల్ల కాదూ మనం ఇలా వెనకబడిపోయింది?

మిషను బందరులో కొన్నారు. బస్సులో కండక్టరు దాన్ని చూసి "లగేజీ టికెట్టు" అన్నాడు. "లగేజీ కాదయ్యా, మా అమ్మాయి బండిది" అని మాస్టారు ఒళ్లోనే పెట్టుకున్నారు. అవనిగడ్డ దాటేసరికి రెండు కాళ్లూ తిమ్మిరెక్కాయి. దించలేదు.

ఇంటికి రాగానే ప్లగ్గు పెట్టారనుకుంటున్నారా? ఆ ఊళ్లో మాస్టారి చర్చి వాళ్ల ఇళ్లల్లో కుట్టుమిషను వచ్చినా ఫ్రిజ్ వచ్చినా ప్రార్థన కాకుండా ప్లగ్గు పెట్టరు. ఎలీషా పాస్టరు గారు వచ్చారు. అట్టపెట్టె మీద చెయ్యి ఉంచి, కళ్లు మూసుకుని, "తండ్రీ, ఈ యంత్రానికి కావలసినవన్నీ నీవే సమకూర్చు" అని ప్రార్థించారు. అందరిలోకీ గట్టిగా ఆమెన్ అన్నది మాస్టారి భార్య ఆనందమ్మ. అంత గట్టిగా ఎందుకన్నదో అప్పుడు ఎవరికీ తట్టలేదు.

ఇక్కడ కుళాయి గురించి రెండు మాటలు చెప్పాలి. ఆ వీధిలో కుళాయి కట్టేసే అలవాటు లేదు. మంచినీళ్లు రెండు రోజులకోసారి వస్తాయి. ఏ వేళకొస్తాయో వాటికే తెలియదు. అందుకని ఆడవాళ్లు కుళాయి పూర్తిగా తిప్పేసి, కింద ఖాళీ స్టీలు బిందె పెట్టి, వాళ్ల పనుల్లో వాళ్లుంటారు. బిందెలో టంగుమని చుక్క పడిందా, పరుగే! పోపు మాడనీ, ఫోను మోగనీ, ముందు బిందె.

ఆ రోజు టంగుమనగానే బిందె పక్కకు జరిపి మాస్టారు కుళాయికి పైపు తగిలించారు. స్విచ్చు వేశారు. మిషను నిమిషానికి ఆరున్నర లీటర్లు అడిగింది. కుళాయి ఇచ్చింది నూలుపోగంత ధార. మిషను గుర్రుమంది, దగ్గింది, గన్నులోంచి ఒక్కసారి చీది, ఊరుకుంది. మళ్లీ వేశారు. మళ్లీ చీదింది. కస్టమర్ కేర్‌కి ఫోను చేస్తే, కంప్లైంటు రాసుకున్నామని, తామే తిరిగి ఫోను చేస్తామని చెప్పారు. ఈలోగా కుళాయి ఆగిపోయింది. ఆనందమ్మకు ఆ పూట దక్కింది అర బిందె. ఆవిడ దాన్ని వంటింట్లోకి మోసుకెళ్లి మూత పెట్టింది. ఆ మూత చప్పుడు మాస్టారికి బాగానే వినపడింది.

అయినా శాస్త్రవేత్త వెనకడుగు వేస్తాడా? పెరట్లో బోరు ఉంది. అందులో నీళ్లు ఎన్ని కావాలంటే అన్ని. కాకపోతే ఉప్పగా ఉంటాయి. ఆ నీళ్లకు సబ్బు నురగ రాదు, పప్పు ఉడకదు, టీ పెడితే పాలు విరిగిపోతాయి. కాళ్లు కడుక్కోవడానికీ పెరడు కడగడానికీ తప్ప వాడరు. ఉప్పునీళ్లు ఇనుమును ఏం చేస్తాయో మాస్టారికి తెలియదా అని మీరడగొచ్చు. అది కెమిస్ట్రీ అండీ! ఆయనది ఫిజిక్స్!

బోరుకి తగిలించగానే మిషను విజృంభించింది. ఆహా, ఏమా ధార! వీధిలో వాళ్లు కుర్చీలు తెచ్చుకుని మరీ కూర్చున్నారు. తెల్ల నాజిల్, రెండడుగుల దూరం, సగం పీడనం, బేరింగుల జోలికి పోలేదు. నోట్‌బుక్‌లో ఉన్న ఒక్క నియమం తప్పలేదు. పదకొండేళ్ల బురద పది నిమిషాల్లో కారిపోయి, బండి అసలు రంగు నీలమని ఏంజెల్‌కి మొదటిసారి తెలిసింది.

ఆరాక బండి మీద తెల్లటి పొడి తేలింది. మిగిలిపోయిన దుమ్ము కాబోలనుకుని మాస్టారు మర్నాడు ఇంకోసారి కడిగారు. ఇంకాస్త తెల్లగా తేలింది. మూడో రోజు ఇంకా శ్రద్ధగా కడిగారు. అలా వారం రోజులు! అదే ఊపులో ప్రహరీగోడ సున్నం లేచిపోయింది. గేటు మీద 'కృపావరం, బి.ఎస్సీ., బి.ఇడి.' అన్న బోర్డులో బి.ఇడి. ఎగిరిపోయింది. ఇంత తక్కువ సమయంలో డిగ్రీ రద్దు చేయడం ఏ యూనివర్సిటీ వల్లనైనా అవుతుందా?

ఆదివారం ఆరాధన అయ్యాక ఏంజెల్ తాళం చెవి పట్టుకుని బండి దగ్గరకెళ్లింది. చెవి సగమే దిగింది. మాస్టారు బలంగా నొక్కి తిప్పితే తిరిగింది గానీ సెల్ఫ్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. బండిని ముందుకు తోస్తే చైను కిర్రుకిర్రుమని, ఎర్రటి పొడి రాలింది. హారన్ పిల్లికూన గొంతుతో ఒకసారి అరిచి ఆగింది.

ఏంజెల్ చెప్పుల మీద పడ్డ ఎర్రపొడి దులుపుకుంది. తర్వాత, "పర్లేదులే డాడీ. రేపు మెయిన్ రోడ్డు దాకా నడిచెళ్తే ఏదో ఒక ఆటో దొరుకుద్ది" అంది.

ఆ పిల్ల తిట్టి ఉంటే బాగుండేది. మాస్టారికి సిగ్గేసింది. ముప్ఫై ఏళ్లు పిల్లలకు పాఠాలు చెప్పి, సొంత పిల్లకు ఇచ్చిన ఒక్క మాట నిలబెట్టుకోలేకపోయాననుకున్నారు. వెళ్లి అరుగు మీద కూర్చున్నారు. నోట్‌బుక్ పక్కనే ఉంది. తెరవలేదు.

కాసేపటికి తేరుకుని సుధీర్‌కి ఫోను చేశారు. "ఏ నీళ్లతో కడిగావు మావయ్యా?" అన్నాడు వాడు. చెప్పారు. "ఆ ఉప్పు పోవాలంటే ఇప్పుడే మంచినీళ్లతో ఒళ్లంతా కడిగి, తుడిచి, ఆయిలు పెట్టాల. ఆలస్యం చేస్తే ఇంక నా చేతుల్లో కూడా లేదు" అన్నాడు.

ఇంట్లో ఉన్న మంచినీళ్లు రెండు డ్రమ్ములు. మళ్లీ కుళాయి వచ్చేది మంగళవారం, వస్తే. తాగడానికీ వండడానికీ అవే. మాస్టారు ఆ డ్రమ్ముల వైపు చూడను కూడా చూడలేదు. ఆనందమ్మే వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఒక డ్రమ్ము తీసుకోండి. రేపు పప్పు మానేసి పచ్చడితో తిందాం. మిషను మాత్రం ముట్టుకోవద్దు. ఇదిగో మగ్గు."

కబురు విని పోతయ్య కూడా వచ్చాడు. ఒక చేతిలో డీజిలు సీసా, ఇంకో చేతిలో నూనె గుడ్డ. నేను ముందే అడిగాను కదా అన్న మాట అతని నోట రాలేదు. నేనైతే మూడుసార్లు అనేవాణ్ణి.

"ఏటనించొచ్చాక మా పడవ ఇంజనుకి రోజూ ఇదేనండి. మంచినీళ్లతో ఒకసారి తుడిసి, నూనె గుడ్డ పెట్టేత్తాం. మా దగ్గర బార్లూ గీర్లూ ఏముంటయ్యండీ" అంటూ చైను ముందు గొంతుక్కూర్చున్నాడు.

మగ్గుతో ఆనందమ్మ పోసింది. పాత టూత్‌బ్రష్షుతో ఏంజెల్ తోమింది. పోతయ్య చైనుకి డీజిలు రాసి, తుడిచి, నూనె పట్టించాడు. మాస్టారు పాత లుంగీ చింపి అంగుళం అంగుళం తుడిచారు. కింద పడ్డ నీళ్లు కూడా వృథా పోకుండా కరివేపాకు మొక్క వైపు పాయ తీసింది ఆనందమ్మ. దీపాలు పెట్టే వేళకి హారన్‌కి గొంతు తిరిగొచ్చింది.

సోమవారం పొద్దున్న సెల్ఫ్ పలకలేదు గానీ రెండో కిక్కుకి బండి అందుకుంది. మాస్టారు తాళం చెవి కూతురి చేతిలో పెట్టాల్సింది, అది ఇరుక్కుని బండికే ఉండిపోయింది కాబట్టి హెల్మెట్ పెట్టారు. షోరూం కళ రాలేదు, అక్కడక్కడ తుప్పు చారలు ఉండనే ఉన్నాయి. ఏంజెల్ అవేం చూడలేదు. "వెళ్లొస్తా డాడీ" అని హారన్ కొట్టి మలుపు తిరిగింది. ఆరుంబావుకే అవనిగడ్డ చేరానని ఫోను చేసింది. ఆనందమ్మ కళ్లు తుడుచుకుంది. మాస్టారు తుడుచుకోలేదు, చేతికి నూనె ఉంది.

ఇప్పుడు చెప్పండి, ప్రెషర్ వాషర్ వరమా కాదా? వరమేనంటాను! కుళాయిలో నీళ్లు రావడం లేదని ఏళ్ల తరబడి ఆ వీధి వాళ్లు పెట్టిన అర్జీలు ఎవరి చెవికీ ఎక్కలేదు. మిషను మాత్రం ఒక్క నిమిషంలో గ్రహించింది, గ్రహించి గుర్రుమని నిరసన తెలిపింది. ఆ మాత్రం స్పందన ఇంతవరకు ఇంకెవరి దగ్గరా చూడలేదు.

ఆ రోజు మధ్యాహ్నం పచ్చడి మెతుకులు తింటుంటే మాస్టారి ఫోను మోగింది. కస్టమర్ కేర్.

"సార్, మీ మిషన్‌కి వాటర్ రావట్లేదని కంప్లైంట్ ఉంది. ఒకసారి చెక్ చేస్తారా, మీ ట్యాప్ ఫుల్లుగా ఓపెన్ చేసి ఉందా?"

మాస్టారు వాకిట్లోకి చూశారు. కుళాయి, దాని కింద ఖాళీ బిందె.

"మా కుళాయి పెట్టిన రోజు నుంచీ ఫుల్లుగానే తెరిచి ఉందమ్మా."

"ఓకే సార్. అయితే ప్రాబ్లం మిషన్‌ది కాదు. కంప్లైంట్ క్లోజ్ చేసేస్తున్నాను."

"చెయ్యమ్మా. మరి ఆ ప్రాబ్లం ఎవరిదో, వాళ్ల కస్టమర్ కేర్ నంబరు నీ దగ్గరేమైనా ఉందా?" అని మాస్టారు నోట్‌బుక్ తెరిచి, పెన్ను పట్టుకుని, రాసుకోవడానికి సిద్ధంగా కూర్చున్నారు.