కూర్చునే విషయంపై ఉపసంఘం

పాట పాడుకోవాలన్నా దరఖాస్తు పెట్టుకోవలసిన ఊరినే నాగరిక నగరం అంటారు. ఆ లెక్కన 1926 నాటికే రంగూన్ లండన్‌ను దాటిపోయింది. దాటించినవారు రంగూన్ పౌర వాద్యబృంద సంఘంవారు. ఆ సంఘానికి సమావేశాల మినిట్లు రాసే గుమాస్తాను నేనే కాబట్టి ఈ మాట అధికారికంగా చెబుతున్నాను.

సంఘంలో ముప్పైమంది వాద్యకారులు, పద్నాలుగు ఉపసంఘాలు ఉండేవి. (వాద్యకారులు అప్పుడప్పుడు సెలవు పెట్టేవారు. ఉపసంఘాలు ఎన్నడూ పెట్టలేదు.) ఏటా వానాకాలం వెళ్లాక, పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలకు కాంచెర్టో పోటీ జరిగేది. కాంచెర్టో అంటే ముందు ఒకరు వాయిస్తూంటే వెనక ముప్పైమంది వారిని అందుకోవడానికి ప్రయత్నించడం. గెలిచినవారికి కప్పులూ పతకాలూ ఇచ్చేవారు కాదు. బృందంలో శాశ్వతంగా ఒక కుర్చీ, దానితోపాటు ఉద్యోగం ఇచ్చేవారు.

బోటాటౌంగ్ రేవులో బియ్యం బస్తాలు మోసే దండాసి కూతురు కోటేశ్వరికి ఆ కుర్చీ కావాలి. ఆ పిల్లకు వయొలిన్ నేర్పినవాడు నీలకంఠం మాస్టారు. ఆయన బయస్కోపు హాల్లో తెర ముందు కూర్చుని, బొమ్మలు ఏడిస్తే ఏడుపు, పరిగెత్తితే పరుగు వాయించే ఉద్యోగి. దొరల సంగీతం కాగితం చూసి గడగడా చదివేవాడు. అయితే వాయించడం మాత్రం మనవాళ్లందరిలాగే నేల మీద బాసింపట్టు వేసుకుని, వయొలిన్ తలను కుడి పాదం మీద ఆనించి. శిష్యురాలికీ అదే అబ్బింది.

పోటీ నిబంధనల్లో ఏడోది ఇలా ఉండేది: "అభ్యర్థి నిలువబడి వాయించవలెను." కూర్చుంటే శ్రోతలను అగౌరవపరచినట్లు అవుతుందని సంఘం గౌరవ సహాయ కార్యదర్శి జగదీశ్వరరావు గారు వివరించేవారు. వెనకున్న ముప్పైమందీ కుర్చీల్లో కూర్చునే వాయించేవారు. (శ్రోతలను గౌరవించే పని వారు ఉద్యోగంలో చేరినప్పుడే పూర్తిచేసేశారు.)

ఈ సంగతి తెలిసి దండాసి ఆఫీసుకు వచ్చాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మా పిల్ల కూకుని వాయిత్తాది బాబూ. ఇప్పుడు నిలబడమంటే ఎలగ?"

"నిబంధన నేను పెట్టింది కాదయ్యా," అన్నారు జగదీశ్వరరావు గారు. పెట్టింది ఆయనే.

"రేవులో కూకుంటే మేస్త్రి ఇంటికి పంపేత్తాడు. ఇరవయ్యేళ్లుగా నిలబడే ఉన్నాను బాబూ. ఇదొక్కర్తైనా కూకుని బతకాలని నేర్పించినాను. ఆ కుర్సీ కోసమే గదా ఇదంతాను."

నాకు గుండె కలుక్కుమంది. మినిట్ల పుస్తకంలో గుండెకు గడి లేదు కాబట్టి, చేతనైన సాయంగా దండాసి పేర ఒక అర్జీ రాసిపెట్టాను. అతను వేలిముద్ర వేసి వెళ్లాడు.

అర్జీ మీద ఉపసంఘం ఏర్పడింది. మొదటి సమావేశంలో కూర్చోవడాన్ని నిర్వచించారు. రెండో సమావేశంలో నేల అనేది సామానా, భవనమా అన్న ప్రశ్న వచ్చి వాయిదా పడింది. మూడో సమావేశంలో ప్రెసిడెంటు దొర స్వానుభవం కోసం స్వయంగా బాసింపట్టు వేశాడు. ఆయనను లేవదీయడానికి ఇద్దరు సభ్యులు పట్టారని మినిట్లలో ఉంది. నాలుగో సమావేశంలో, అర్జీదారు పేరైనా చదవకుండా, అర్జీని ఏకగ్రీవంగా మంజూరు చేశారు.

ఈలోగా దండాసి ఊరుకోలేదు. దొరల దయ మీద ఆధారపడకూడదని రేవులో నేర్చినవాడు. "ఎందుకైనా మంచిది, నిలబడ్డం కూడా నేర్సుకో తల్లీ," అన్నాడు. కోటేశ్వరి వయొలిన్‌ను గడ్డం కింద ఇరికించుకుని ఆరు వారాలు నిలబడింది. మెడ కమిలింది, పిక్కలు వాచాయి. కింది వాటాలో ఉండే బర్మా ఆవిడ దా సాన్ సాన్ రెండు వారాలు ఓపిక పట్టి, ఒక పొద్దున మెట్లెక్కి వచ్చి, రేవు కూలీల దగ్గర నేర్చిన తెలుగులో దండాసిని నిలదీసింది. "పిల్ల ఏటి తప్పు సేసింది కో దండాసీ? దినామూ గోడ కాడ నిలబెడతావు?" (కో అంటే బర్మా భాషలో అన్న.)

ఆరో వారానికి, నిలబడి వాయిస్తే శ్రుతి ఇంకా నిక్కచ్చిగా ఉందని మాస్టారే ఒప్పుకున్నాడు. ఒప్పుకుంటూ కళ్లు తుడుచుకున్నాడు.

మంజూరు ఉత్తరం లక్క సీలుతో దండాసి ఇంటికి చేరింది. అంత ఎర్రటి సీలు చూశాక దాన్ని విప్పడం అంత తేలిక కాదు. దానికి పసుపూ కుంకుమా పెట్టి దేవుడి పటం ముందు ఉంచారు. మంచి ఘడియ చూడమని మాస్టారిని అడిగారు. ఇంగ్లీషు చక్కగా చదవగల మాస్టారు ఉత్తరం జోలికి పోకుండా పంచాంగం విప్పాడు. మంగళవారం పనికిరాదన్నాడు. శుక్రవారానికి వర్జ్యం అడ్డొచ్చింది. ఆ తర్వాత అమావాస్య. చివరికి దోషం లేని ముహూర్తం పోటీ రోజు ఉదయం తొమ్మిదింటికి కుదిరింది. అలా, పోటీకి వెంట తెచ్చిన ఆ ఉత్తరం సీలుతోనే జగదీశ్వరరావు గారి బల్ల మీదికి తిరిగి వచ్చింది.

ఆయన విప్పి, కళ్లజోడు సర్దుకున్నారు.

"ఎలా వాయిస్తావమ్మా?"

"నిలబడి, బాబూ." ఆ మాట చెప్పేటప్పుడు ఆ పిల్ల ముఖంలో ఎంత వెలుగని!

"వీల్లేదు. నీకు కూర్చునే ఉత్తర్వు అయింది. ఉత్తర్వు అయ్యాక నిలబడితే ఉపసంఘాన్ని ధిక్కరించినట్టు."

"అలగైతే కూకుంటాను."

"సంఘం ఆమోదించిన చాప మీదే కూర్చోవాలి. చాప కావాలని పది రోజుల్లో జవాబు రాయమన్నాం. రాయలేదు. తెప్పించలేదు."

"వొట్టి నేల మీద కూకుంటాను బాబూ, నాకేటీ ఇబ్బంది లేదు."

"నేల విషయం వాయిదాలో ఉంది."

పడుకుని వాయించే విషయంలో నిబంధనలు మౌనంగా ఉన్నాయి. (మాస్టారు ఆ మార్గాన్ని కాసేపు ఆలోచించిన మాట నిజమే.)

"పోనీ, వొచ్చే యేడు రానా?" అంది కోటేశ్వరి.

జగదీశ్వరరావు గారు దరఖాస్తు చూశారు. వచ్చే నెలకు పద్దెనిమిది నిండుతాయి. ఆయన కూడా మనిషే. తల వంచుకుని, తర్వాతి అభ్యర్థిని పిలిచారు.

దండాసి కూతుర్ని వరండాలోకి తీసుకొచ్చి, భుజం మీది తువ్వాలు తీసి నేల మీద పరిచాడు.

"కూకో తల్లీ. ఆల్లు ఇనకపోతే పోనీ. నాను ఇంతాను, నువ్వు వాయించు."

కోటేశ్వరి కూర్చుంది. కళ్లనీళ్లు కారుతూనే ఉన్నాయి, కమాను మాత్రం తొణకలేదు. ముప్పైమంది అందుకోవలసిన పాటను వెనక ఒక్కరూ లేకుండా వాయించింది. న్యాయనిర్ణేతలు అప్పుడే టీకని బయటికి వచ్చారు. కప్పులు పట్టుకుని, పాట అయ్యేదాకా కదలకుండా విన్నారు. ముందుగా చప్పట్లు కొట్టింది ప్రెసిడెంటు దొరే. అతని కళ్లలో నీళ్లు నేను స్వయంగా చూశాను.

"ఇంత బాగా వాయించే అమ్మాయి పోటీకి ఎందుకు రాలేదు?" అని అడిగాడు.

జగదీశ్వరరావు గారు గొంతు సవరించుకుని, "ఉత్తరం రాశామండి. జవాబు రాలేదు," అన్నారు. అందులో అబద్ధం లేదు.

దొర చాలాసేపు తల ఊపి, ఆ సాయంత్రం మినిట్లలో చేర్చమని ఒక వాక్యం చెప్పాడు: "తెలుగు యువజనులయందు ప్రతిభ మెండుగా నున్నను, పోటీలయందు ఆసక్తి కొరవడుట గూర్చి సంఘము మిగుల చింతించుచున్నది."

నేనే రాశాను. చేతిరాత గుండ్రంగా ఉందని దొర మెచ్చుకున్నాడు.