హనుమంతు ఫిన్నిష్ పాఠం

ఆ గురువారం పొద్దున హనుమంతు చెయ్యాల్సిన పనులివి: బల్లలు సబ్బునీళ్లతో కడగాలి. కాలు ఊగే కుర్చీని వెనక్కి జరపాలి. గోడ మీది పాత క్యాలెండర్ తీసి అక్కడ తన డిగ్రీ పట్టా తగిలించాలి. చేపలు కడిగించాలి. ఇస్త్రీ చొక్కా తొడిగి, దాని మీద కూర మరక పడకుండా చూసుకోవాలి. అన్నిటికంటే ముందు ఫిన్నిష్ పాఠం ఇంకొకసారి వల్లెవేయాలి.

నకిరేకల్ హైవే పక్కన ఆయనది చిన్న మెస్సు. భార్య కరుణ వండుతుంది, ఆయన వడ్డిస్తాడు. కార్లన్నీ ఆగకుండా పోవడం మొదలయ్యాక మెస్సు నడవడం కష్టమైంది. ఊరి బయట కొత్తగా పెట్టిన యంత్రాల కంపెనీకి మధ్యాహ్నం భోజనాలు పంపే ఆర్డరు దొరికితే బతికినట్టే. లేకపోతే మెస్సు మూసేసి బావమరిది బత్తాయితోటకు కావలి పోవాలి. "మా బావకు టార్చిలైటు కొనిపెట్టిన" అని బావమరిది అప్పుడే ఊరంతా చెప్పుకుంటున్నాడు. ఇంటిల్లిపాదిలో మొదట డిగ్రీ చదివినవాడికి ఆ టార్చిలైటు మాట ముల్లులా గుచ్చుకుంది.

కంపెనీ పెద్ద హెల్కాది ఫిన్లాండు. రుచి చూడటానికి ఆమే స్వయంగా వస్తుందని తెలియగానే హనుమంతు ఫోనులో "హోటల్లో మాట్లాడే ఫిన్నిష్" అనే పాఠం వెతికి పట్టుకున్నాడు. మనది హోటలే కదా అనుకున్నాడు. ఫోను చొక్కా జేబులో, ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టుకొని, ఉల్లిగడ్డలు కోస్తూ వారమంతా విన్నాడు. ప్రతి మాటకూ అర్థం ఫోను తెర మీద పడుతుందన్న సంగతి ఆ జేబుకే తెలుసు. డిగ్రీ కూడా ఆయన అర్థాల జోలికి పోకుండానే పాసయ్యాడు.

"ఏం గొణుగుతున్నవయ్యా పొద్దటిసంది, దయ్యం పట్టినట్టు?" అంది కరుణ.

"మర్యాద మాటలే. ఆమె భాషల ఆమెను పిలిస్తే ఎంత ఖుషీ అయితదో సూడు."

"అర్థమేందో ఎరికేనా?"

"హోటలోళ్లు ఏమంటరు? రండి, కూసోండి, ఏం తింటరు, మల్ల రండి. గంతే గదా!"

మధ్యాహ్నం కారు ఆగింది. డ్రైవర్ నవీద్ ఆమెను దింపి, "అన్నా, టైర్ల గాలి తక్కువున్నది, జర కొట్టించుకొనొస్త," అని పోయాడు. హనుమంతు చేతులు జోడించి, ఒక్క అక్షరం పొల్లుపోకుండా అన్నాడు: "పొయ్‌తా కాహ్‌దెల్లె, కీతోస్!"

ఇద్దరికి ఒక బల్ల ఇప్పించండి అని దాని అర్థం. హెల్కా ఆగిపోయింది. ఇస్త్రీ చొక్కాలో ఉన్న ఈ పెద్దమనిషి తనలాగే భోజనానికి వచ్చాడని, ఎప్పుడో తమ దేశంలో ఉండి వచ్చినవాడని ఆమె అనుకుంది. ముఖం వెలిగిపోయింది. కుర్చీ లాగి ఆయన్ను కూచోబెట్టి, ఎదురుగా తానూ కూచుంది.

ఓనరును ముందు కూచోబెట్టడం వాళ్ల ఆచారమేమో అనుకున్నాడు హనుమంతు. వెంటనే రెండోది వదిలాడు. "మితా సువోసిత్తెలెత్తె?" ఇక్కడ ఏది బాగుంటుందంటారు, అని. పాపం, ఆమెకేం తెలుసు? కనుక్కొస్తానన్నట్టు చెయ్యి చూపించి వంటింట్లోకి నడిచింది.

తనిఖీ అనుకున్నాడు హనుమంతు. లోపల కరుణ ఏ భాషా మాట్లాడలేదు. గిన్నెల మూతలు తీసి, హెల్కా అరచేతిలో ఇంత పులుసు పోసింది. హెల్కా నాకి కళ్లు మూసుకుంది. మళ్లీ చెయ్యి చాపింది.

ఆమె బయటికి రాగానే హనుమంతు మూడోది అప్పజెప్పాడు. సాల్మన్ చేపల చారు కావాలన్న మాట అది. హెల్కా ముఖం దిగులుగా పెట్టి, లేదన్నట్టు తల అడ్డంగా ఊపింది. హనుమంతు కళ్ల ముందు టార్చిలైటు వెలిగింది. ఆర్డరు లేదంటున్నది! కళ్లలో నీళ్లు తిరిగాయి. రెండు చేతులూ జోడించి అదే మాట మళ్లీ అన్నాడు, ఇంకా గట్టిగా అన్నాడు.

చారు కోసం ఏడ్చే మనిషిని హెల్కా తన దేశంలో కూడా చూడలేదు. వంటింట్లోకి పరుగెత్తి, ఆ చారుకు కాస్త దగ్గరగా ఉందనిపించిన చేపల పులుసు, అన్నం పళ్లెంలో పెట్టుకొచ్చి ఆయన ముందు పెట్టింది. వెనకే గంటె పట్టుకొని వచ్చిన కరుణ నోరు తెరిచింది.

"ఓరి దేవుడో! సుట్టమొచ్చి వడ్డిస్తుంటే కూసొని తింటవేందయ్యా? సిగ్గున్నదా?"

"నువ్వు నడుమ రాకే! గిది వాళ్ల పద్ధతి. తినకపోతే ఆర్డర్ పోతది."

తిన్నాడు. భయంతో గబగబా తిన్నాడు, ముళ్లు చప్పరించి మరీ తిన్నాడు. హెల్కా అన్నం గిన్నె ఎత్తగానే అలవాటుగా "చాలు చాలు" అని చెయ్యి అడ్డం పెట్టాడు. ఈ దిక్కు చాలు అంటే ఇంకొంచెం బతిమాలి పెట్టమని. ఆమె దిక్కు చాలంటే చాలే. గిన్నె దించేసింది. సగం ఆకలితోనే హనుమంతు పాఠంలోని ఆఖరి మాట అన్నాడు: "లాస్కు, కీతోస్." బిల్లు తెమ్మని.

అప్పుడే నవీద్ లోపలికి వచ్చాడు. హెల్కా అతనికి ఇంగ్లీషులో గడగడా చెప్పింది. నవ్వు ఆపుకోలేక నవీద్ గోడకు ఆనుకున్నాడు.

"అన్నా, ఈ సాబ్ బిల్లు అడుగుతున్నడు, ఓనర్ ఏడి అంటున్నది మేడం. పాపం వాళ్ల చారు కోసం ఏడ్చినవట! గిరాకులు అడిగేటియన్ని నువ్వే అడిగినవ్ గదనే!"

హనుమంతు ఎంగిలి చెయ్యి ఎండిపోయింది. "నేనే ఓనర్నని చెప్పకు నవీద్. బత్తాయితోటకు కావలి పోత గని గిది చెప్పకు."

నవీద్ అప్పటికే చెప్పేశాడు. హెల్కా బల్ల పట్టుకొని నవ్వింది. తర్వాత ఆమె చెప్పిందంతా నవీద్ కరుణ వైపు తిరిగి తెలుగు చేశాడు.

"ఇప్పటిదాంక పోయిన హోటళ్లల్ల ఓనర్లు నెత్తిమీద నిలబడి తినిపించిన్రట. తన మెస్సుల కూర తనే ఏడ్చి అడుక్కొని తినేటోన్ని ఏడ సూడలేదట. ఆర్డర్ ఇస్తదట అక్కా. నీ పేరు మీద."

"నా పేరు మీదనా?"

"వంట నీదే గదా. అన్నకు తినుడే బాగొస్తదంటున్నది."

కరుణ హెల్కాను కూచోబెట్టి వడ్డించింది. ఆమె చాలంది, కరుణ పెట్టింది. ఆమె మళ్లీ చాలంది, కరుణ మళ్లీ పెట్టింది. చివరికి హెల్కా రెండు చేతులూ పళ్లెం మీద కప్పింది. ఈ దిక్కు పాఠాన్ని ఆమె ఒక్క పూటలోనే నేర్చుకుంది, అర్థంతో సహా.

బావమరిది కొన్న టార్చిలైటు ఇప్పుడు మెస్సులో కరెంటు పోయినప్పుడు పనికొస్తున్నది. మీరు ఎప్పుడైనా నకిరేకల్ దాటుతూ ఆకలై ఎక్కడన్నా ఆగితే, తన మెస్సులో తానే గిరాకై కూచున్న హనుమంతును ఒక్కసారి తలచుకోండి. ఆయన అడిగిన చారు ఇప్పటిదాకా ఎవరూ తెచ్చివ్వలేదు.