బసవన్నగారు తలూపిన పాట

ఒక పెద్ద అడవిలో పులి లేదు, సింహమూ లేదు. ఉన్న ఒక్క పులీ ముసలిదైపోయి చచ్చి ఏళ్లయింది. ప్రాణభయం పోయేసరికి జంతువులకి బోలెడంత తీరిక దొరికింది. తీరిక దొరికినవాళ్లు ఊరుకోరు కదా, సంగీతం మీద పడ్డారు.

రోజూ సాయంత్రం సెలయేటి దగ్గర నీళ్లు తాగాక ఒకరినొకరు అడిగే మాట ఒక్కటే. "ఇప్పుడేం వింటున్నావు?"

మొదట్లో ఇది ముచ్చటగానే ఉండేది. "వాన వెలిశాక ఆకుల మీంచి జారే చినుకులు వింటున్నా" అనేది ఉడుత. మర్నాడు నలుగురూ ఆ ఆకుల కింద చేరి విని, బాగుందనో బాగాలేదనో చెప్పుకుని, ఎవరి దారిన వాళ్లు పోయేవారు.

తర్వాత పోటీ మొదలైంది. తేనెటీగల పాట తప్ప ఇంకేదీ పాటే కాదంది ఎలుగుబంటి. "మా చిన్నప్పటి ఈగలు ఎలా పాడేవనుకున్నారు! ఇప్పటి ఈగలకి శ్రుతి ఎక్కడేడ్చింది?" అని నిట్టూర్చింది. ఆ నిట్టూర్పు వచ్చిన మూతికి తేనె ఇంకా అంటుకునే ఉంది.

నెమలి దారి వేరు. పదిమందీ విన్నది అది ఛస్తే వినదు. "నేను మూడు కొండల అవతల రాతి మీద నాచు పెరిగే చప్పుడు వింటున్నా. మీకు వినపడదులెండి" అంది.

"అదా? పోయిన నెలే విన్నాను" అంది ముళ్లపంది. "మొదటి సగం బాగుంటుంది. రెండో సగం సాగదీశారు."

కుందేలుకి ఏమీ వినపడలేదు. కానీ అంతేసి చెవులు పెట్టుకుని వినపడలేదంటే పరువేముంటుంది? "అబ్బ, ఆ నాచు!" అని కళ్లు మూసుకుంది.

ఈ వాదనలు ముదిరి ముదిరి, ఒకనాడు ముళ్లపంది ఒక దుప్పిని గుచ్చేదాకా వచ్చింది. అప్పుడు కొండముచ్చు లేచింది. దానికి సంగీతం గిట్టదు, నిబంధనలంటే మాత్రం ప్రాణం. "అధ్యక్షా!" అంది. అప్పటికి అధ్యక్షుడంటూ ఎవరూ లేరు. పొరపాటున ఎలుగుబంటి "ఊఁ" అని పలికింది, అధ్యక్షుడైపోయింది.

అలా శ్రవణ మండలి పుట్టింది. ఎవరేం వింటున్నారో మండలికి చెప్పుకోవాలి. మండలి మెచ్చితే కొండముచ్చు ఒక మేడి ఆకు మీద పంటిగాటు పెట్టి దాచిపెడుతుంది. మెచ్చకపోతే ఆ చప్పుడు ఇక అడవిలో వినపడకూడదు. వారం తిరక్కుండా కొండముచ్చు ఉండే నేరేడుచెట్టు కింద మేడాకుల గుట్ట లేచింది. దాన్ని చూసుకుని అది నిద్రలో కూడా నవ్వేది.

ఒకరోజు సభ నడుస్తుంటే నెత్తి మీద టకటకా చప్పుడైంది. మద్దిచెట్టు మీద వడ్రంగిపిట్ట. దాన్ని కిందికి పిలిచారు.

"ఏమ్మా, ఇప్పుడేం వింటున్నావు?" అంది ఎలుగుబంటి.

"చెట్టుని వింటున్నానండీ."

"చెట్టు పాడుతుందా?"

"పాడదండీ. ముక్కుతో రెండు దెబ్బలు కొట్టి చెవి పెడితే, లోపల పురుగు ఎటు కదులుతోందో తెలుస్తుంది. దాన్ని లాగి పిల్లలకి పెడతాను."

సభ ఘొల్లుమంది. "పురుగుని వింటుందట!" అని నెమలి నవ్వలేక తోక మీద తనే కూలబడింది. "రాగం లేదు, భావం లేదు, ఒట్టి దరువు" అని తేల్చేసింది ముళ్లపంది.

"అధ్యక్షా, విచారణ ముగిసేదాకా ఈ చప్పుడు నిలిపివేయాలి" అంది కొండముచ్చు.

"విచారణ ఎప్పుడండీ?" అంది పిట్ట.

"తీర్పు చెప్పగల రసికుడు దొరికాక."

"నాకు ముగ్గురు పిల్లలండీ. ఇంకా రెక్కలైనా రాలేదు."

"వాళ్లేం వింటున్నారో అదీ రాసివ్వు" అంది కొండముచ్చు.

ఆ రోజు పిట్ట చెట్టు పైన పాకే చీమల్ని ఏరి తెచ్చింది. అవి ఏ మూలకి? గూట్లో మూడు నోళ్లూ తెరుచుకునే ఉన్నాయి. కొట్టకపోతే పురుగు జాడ తెలియదు, జాడ తెలియకపోతే కూడు లేదు. ఆ సంగతి చెప్పుకుందామంటే వినే పనిలో ఉన్న మండలికి వినే తీరిక లేదు.

రెండో రోజు మధ్యాహ్నం రసికుడు రానే వచ్చాడు. ఏదో ఊరి తిరునాళ్లలో యజమాని నుంచి తప్పిపోయిన గంగిరెద్దు మేత వెతుక్కుంటూ అడవిలోకి నడిచొచ్చింది. వీపు మీద రంగురంగుల బొంత, కొమ్ములకి కుచ్చులు, మెడలో గవ్వలు, కాళ్లకి గజ్జెలు. ఆ వేషం చూసి మండలి సగం లేచి నిలబడింది.

"తమకి సంగీతం తెలుసాండీ?" అని కొండముచ్చు అడిగింది. గంగిరెద్దు తలూపింది.

"సన్నాయి విన్నారా?" ఊపింది.

"రోజూనా?" ఊపింది.

"మా సభలో తీర్పరిగా కూర్చుంటారా?" కూర్చోలేదు గానీ ఊపింది.

"నిండుకుండ! ఒక్క మాట తొణకలేదు చూశారా!" అని ఎలుగుబంటి పొంగిపోయింది. ఎవరేమడిగినా తలూపడమే ఆ ఎద్దుకి నేర్పిన విద్య అని పాపం అడవిలో వాళ్లకేం తెలుసు? ఊళ్లో ఉండే మనకే ఒక్కోసారి గుర్తుండదు.

విచారణ మొదలైంది. ఎలుగుబంటి తేనెపట్టు చూపించి, "పాతకాలపు ఈగలే గొప్పవి కదండీ బసవన్నగారూ?" అంది. తలూపింది. ఎలుగుబంటికి కళ్లనీళ్లు తిరిగాయి.

"నా నాచు వినపడుతోందా?" అంది నెమలి. ఈసారి చెవి మీద జోరీగ వాలడంతో ఎద్దు మరింత గట్టిగా ఊపింది. నెమలి పురి విప్పేసింది.

"రెండో సగం సాగదీశారు కదండీ?" అంది ముళ్లపంది. దానికీ ఊపింది. నెమలి పురి ముడుచుకుంది.

"నా పాటకీ ఊపి, దాని తిట్టుకీ ఊపుతారేమిటి?"

"దాన్నే సమదృష్టి అంటారు" అంటూ కొండముచ్చు ఒకే ఆకు మీద రెండు గాట్లు పెట్టింది.

చివరికి వడ్రంగిపిట్ట వంతు. "కొట్టి వినిపించు" అన్నారు. రెండ్రోజుల ఆకలి మీదున్న పిట్ట ఒక్క ఎగురున మద్దిచెట్టెక్కి టకటక టకటక టక్ అని వాయించింది.

గంగిరెద్దు తలూపలేదు.

"ఊపలేదు! ఊపలేదు!" అని మండలి ఎగిరి గంతేసింది.

కానీ ఎద్దు చెవులు నిక్కాయి. డోలు మోత కోసం మొహం వాచిపోయిన ప్రాణం అది. ముందుకాలు ఎత్తింది, దించింది. గజ్జెలు ఘల్లుమన్నాయి. నడుమూపుతూ, చిందులేస్తూ బయల్దేరింది. డోలు మోగితే నడవాలి, ఆగితే ఎవరి గుమ్మం కనపడితే ఆ గుమ్మం ముందు నిలబడాలి, మళ్లీ మోగేదాకా కదలకూడదు. దానికి వచ్చిన సంగీతశాస్త్రం అంతే.

పిట్ట దరువు ఆపి పురుగు జాడ కోసం చెవి పెట్టింది. ఎద్దు సరిగ్గా ఎలుగుబంటి గుహకి అడ్డంగా నిలబడింది.

"కాస్త జరుగుతారా?" అంది ఎలుగుబంటి. తలూపింది, జరగలేదు. "పోనీ వెళ్లిపోతారా?" దానికీ ఊపింది. ఎలుగుబంటి భుజం ఆనించి తోసింది. ఎద్దు మహదానందంగా ఊపింది.

పైన మళ్లీ టకటక. ఎద్దు కదిలింది. దరువు ఆగేసరికి నెమలి తోక మీద నిలబడింది. నెమలి పెట్టిన కేకకి మూడు కొండల అవతల నాచు ఉలిక్కిపడి ఉంటుంది. మళ్లీ టకటక. ఎద్దు చిందేసింది, దుప్పులు చెదిరాయి, కుందేలు తన చెవి తనే తొక్కుకుని పడింది.

కొండముచ్చుకి ఒళ్లు మండిపోయింది. "ఇదంతా నీ దరువు వల్లే! ఆపు! ఇప్పుడే ఆపు!" అని పిట్ట మీద అరిచింది.

పిట్ట ఆపేసింది. ఎద్దూ ఆగింది. ఆగిన చోటు నేరేడుచెట్టు, ఎదురుగా మేడాకుల గుట్ట. ఇంత లక్షణంగా ఎవరూ ఎప్పుడూ వడ్డించలేదు దానికి.

"అయ్యయ్యో! అవి ఆకులు కావండీ, తీర్మానాలు!" ఎద్దు నముల్తూనే తలూపింది. "తినకూడదండీ!" ఊపింది. ఎలుగుబంటి తేనెటీగలు, నెమలి నాచు, కుందేలు "అబ్బ", అడవి అభిరుచి మొత్తం కరకరా లోపలికి పోతోంది.

"వడ్రంగమ్మా! కొట్టు తల్లీ, కొట్టు!" అని కొండముచ్చు చేతులు జోడించింది.

"విచారణ నడుస్తోంది కదండీ. అనుమతి రాసివ్వండి" అంది పిట్ట.

"దేని మీద రాయమంటావే? ఆకులన్నీ ఆయన తినేస్తున్నాడు!"

"అయితే అందరూ కలిసి నోటితో చెప్పండి."

"కొట్టు! ఎప్పుడైనా కొట్టు! ఎంతసేపైనా కొట్టు!" అడవి అంతా ఒక్క గొంతుతో అరిచింది. ఆ అడవిలో అందరూ ఒకే మాట అనడం అదే మొదటిసారి.

పిట్ట తీరిగ్గా రెండు దెబ్బలు కొట్టి, "ఉష్, కాస్త విననివ్వండి" అంది. అడవి ఊపిరి బిగబట్టింది. బెరడు లోపల ఏదో కదిలింది. పిట్ట దాన్ని చటుక్కున లాగింది. వేలెడు లావున్న పురుగు! గూట్లో మూడు నోళ్లూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. పిట్ట ఆనందం పట్టలేక పొద్దుగుంకేదాకా చెట్టు చెట్టుకీ తిరిగి కొడుతూనే ఉంది. ఎద్దు అడవి నలుమూలలా చిందులేస్తూనే ఉంది.

మర్నాడు సెలయేటి దగ్గర మళ్లీ అదే ప్రశ్న. జవాబు మాత్రం అందరిదీ ఒకటే. "టకటక!"

"నేను గుడ్డులో ఉన్నప్పుడే విన్నాను" అంది నెమలి.

"మొదట్లో బాగుండేది. అందరూ వినడం మొదలెట్టాక పాడైంది" అంది ముళ్లపంది.

మండలికి అధ్యక్షత వహించమని వడ్రంగిపిట్టని బతిమాలారు. "నాకు పనుందండీ, పురుగు కదులుతోంది" అని అది ఎగిరిపోయింది. అందుకని గంగిరెద్దునే అడిగారు. "బసవన్నగారూ, శాశ్వత అధ్యక్షులుగా ఉంటారా?"

ఉంటానన్నట్టు తలూపింది. ఆకులు కూడా తాజాగా కోయించారు.

నీతి: సంగీతం వినడానికి చెవులు కావాలి గానీ, సంగీతం తెలిసినవాడు అనిపించుకోవడానికి మెడ ఒక్కటి చాలు.