గౌస్ మొహిద్దీన్ సైలెన్సర్ సమరం

పినాకినీ జలాలు ఇసుకలోకి ఇంకిపోగా, ప్రచండ మార్తాండుడు నలభై నాలుగు డిగ్రీల ప్రతాపంతో వీధులను వేపుతుండగా, బంగారు అంగళ్ల ధగధగలతో విరాజిల్లే ప్రొద్దుటూరు పట్టణాన, వెల్డింగ్ విద్యాపారంగతుడు, ఏబదిరెండేండ్ల ప్రాయమువాడు, గౌస్ మొహిద్దీన్ సలిపిన ఘోర సమరాన్ని చెబుతున్నాను, ఆలకించండి.

ఆ వీరుని వాహనం పాతికేళ్ల మోటారు సైకిలు. పులివెందుల మిత్రుడు సుధీర్ ముచ్చటపడి బిగించిన బోలు సైలెన్సర్ దానికి ప్రళయమేఘ గర్జనను ప్రసాదించింది. ఆ గర్జనకు కుక్కలు దారి విడిచేవి. అర్ధాంగి గులాబ్‌బీ మాత్రం వెనుక సీటెక్కగానే మూగదయ్యేది. రంజాన్ పండుగనాడు జమ్మలమడుగులో చెల్లెలి ఇంటికి విందుకు పోతుండగా ఆమె ఎడమ చెప్పు జారిపడింది. ఆపమని అరిచింది, వినబడలేదు. వీపున గుద్దింది. అది తన వేగానికి మెప్పని తలచి ఆ మహారథుడు మరింత ఉరికించాడు. ఒంటి చెప్పుతో విందుకు చేరిన ఆ మానవతి బంధుజన సమక్షంలో భీషణ ప్రతిజ్ఞ చేసింది.

“నా మాట ఇనపడే దాకా నీ బండెక్కను. బస్సులో పోతా.”

రెండు నెలలు ఆమె బస్సులోనే పోయింది. అతడు ఆ బస్సు వెనుకే, ఒంటరిగా, గర్జిస్తూ పోయాడు.

చివరకు గర్వం వీడి, వెల్డింగ్ రాడ్డును ఖడ్గంలా ధరించి, తన సైలెన్సర్ పైనే తాను దండెత్తాడు. తొలి దాడిలో గొట్టం నిండా అడ్డురేకులు అతికించాడు. గర్జన అణగింది గాని, పొగకు దారిలేక ఇంజన్ చిన్న మిట్ట మీదనే నేలకొరిగింది. ప్లగ్గు ఊడదీస్తే కాటుక నలుపు. సంగతి విన్న సుధీర్ ఫోన్ చేసి, సింహం మూతి కుట్టినావు మామా అని ఎగతాళి చేశాడు. మొహిద్దీన్ మైదుకూరు పాత సామాన్ల అంగడిలో చిల్లుల గొట్టం సంపాదించి, దానికి శబ్దాన్ని మింగే గాజుదూది చుట్టి, కొత్త రేకు కవచంలో నిలిపాడు. ఇంజనుకు ఊపిరాడింది. అయినా యాక్సిలరేటర్ వదిలినప్పుడల్లా టపటపమని పేలింది. అతుకు దగ్గర గాలి చొరబడుతున్నదని గ్రహించి రాగి వాషర్ మార్చాడు. పెట్రోలు పారించే కార్బ్యురేటర్ జెట్టు మార్చి మార్చి, ప్రతిసారీ ప్లగ్గును పరీక్షించాడు. నాలుగవనాడు అది, ఇంధనం సరిగ్గా మండుతున్నదని చాటుతూ, ఇటుక రంగుకు తిరిగింది. ఆ ధీరుని కళ్లు చెమ్మగిల్లాయి.

గులాబ్‌బీ నమ్మలేదు. ఇంజన్ ఆడుతుండగా పక్కన నిలబడి చాలాసేపు విని, అప్పుడు ఎక్కి కూర్చుంది. ఊరు దాటకముందే వాగ్బాణ పరంపర మొదలైంది. మరిది తీరు, కారే మిద్దె, మానని బీడీ, రెండు నెలలుగా అమ్ములపొదిలో దాచినవన్నీ ఒక్కటొక్కటే వచ్చి తగిలాయి. ఇన్నేళ్లూ ఆ గర్జనే తనకు కవచమై కాచిందని, దాన్ని స్వహస్తాలతో ఛేదించుకున్నానని ఆ వీరునికి అప్పుడు తెలిసింది.

జమ్మలమడుగు సమీపించగా ఆమె వాగ్బాణాలు ఆపి, మెల్లగా అన్నది.

“బాగ చేసినావులే.”

అతడు స్పష్టంగా విన్నాడు. అయినా తల పక్కకు తిప్పి, “ఏందీ? ఇనపడల్యా,” అన్నాడు.

ఆమె చెవి దగ్గరకు వంగింది. “శానా బాగ చేసినావు అంటాండా.”

ఆ విధంగా, ముప్పై ఏళ్ల కాపురంలో ఎన్నడూ దక్కని మెప్పును ఒకే మైలులో రెండు పర్యాయాలు కైవసం చేసుకుని, మహావీరుడు గౌస్ మొహిద్దీన్ ముప్పై కిలోమీటర్ల వేగంతో, దిగ్విజేతయై జమ్మలమడుగు ప్రవేశించాడు.