ఎందుకని అడిగిన ఉడుత

ఒక పెద్ద అడవిలో జీతం చాలడం లేదని బాధపడే జంతువులు చాలా ఉండేవి. ఆ మాటను లెక్కలతో సహా నిరూపించగల ఉడుత మాత్రం ఒక్కటే ఉండేది. అది నేనే.

ఎలుగుబంటి దొరగారి బాదంకాయల శాఖలో నా ఉద్యోగం. రాలిన కాయలు ఏరి, వానాకాలానికి పనికొచ్చేలా నేలలో అక్కడక్కడా పాతిపెట్టాలి. రోజుకు పది కాయలు జీతం. అందులో నాలుగు తొర్ర అద్దెకే పోయేవి.

ఒకరోజు తొర్ర యజమాని వడ్రంగిపిట్ట వచ్చింది. "వానలు పడేలోగా అద్దె ఆరు చెయ్యి బాబూ. లేదంటే గోరింకల జంట సామానుతో సిద్ధంగా ఉంది."

దొరగారి గుహకు పరుగెత్తాను. "అయ్యా, జీతం పన్నెండు చేయండి. ఇరవై శాతమే!"

"కుదరదు," అన్నారాయన తేనెపట్టు నాకుతూ.

బయట మా సీనియరు తాబేలు నా మొహం చూసి పట్టేసింది.

"లేదన్నారా? దండం పెట్టి వచ్చెయ్. ఆయన కడుపు నిండిన రోజు చూసి మళ్లీ అడుగు."

"మీరు అలాగే అడిగారా?"

"వీళ్ల తాతగారి కాలం నుంచీ చూస్తున్నా నాయనా. ఆ వంశంలో ఎవరి కడుపూ నిండటం లేదు."

నాకు నవ్వొచ్చింది. నేను కొత్త తరం. మళ్లీ లోపలికి వెళ్లాను.

"అయ్యా, ఎందుకు కుదరదో చెబితే నన్ను నేను మెరుగుపరుచుకుంటాను."

దొరగారు నాకడం ఆపారు. ఎందుకు కుదరదో ఆయనకూ తెలియదు. అప్పటిదాకా ఎవరూ అడగలేదు మరి.

"అసలు నువ్వు చేసే పనేమిటోయ్?"

ఈ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నాను. "ఈ ఏడాది ఎనిమిది వందల కాయలు పాతానండి. మిగతా ఉడుతల సగటు ఐదు వందలు. నాది అరవై శాతం ఎక్కువ!"

"భేష్! పద, చూపించు."

ఎన్ని పాతానో ఒక్క కాయ తేడా లేకుండా తెలుసు. ఎక్కడ పాతానో తెలియదు. మా జాతిలో అది ఎవరికీ తెలియదు.

సాయంత్రం దాకా తవ్వాను. దొరగారు వెనకే నడిచారు. తొంభై దొరికాయి. అందులో ఒకటి తీస్తుంటే కొమ్మ మీంచి పక్క ఉడుత, "ఒరేయ్, అది నాది!" అని అరిచింది.

"మిగతా ఏడు వందల పదీ ఏవి?" అన్నారు దొరగారు. ఆయనకు లెక్కలు రావని అప్పటిదాకా అనుకున్నాను.

మర్నాటి నుంచి జీతం ఎనిమిది. "కారణం అడిగావుగా, దొరికింది," అన్నారు ఎంతో ప్రేమగా.

మొదటి వానకే గోరింకలు నా తొర్రలో కాపురం పెట్టాయి. వానలు ముదిరాక ఒకరోజు నేను ఆకు కింద వణుకుతూ చుట్టూ చూశాను. ఎక్కడ చూసినా బాదం మొలకలే.

"తాబేలుగారూ! నా ఏడు వందల పది!"

"అరవకు. నీళ్లు పోసే పని కూడా నీకే అంటగడతారు."

నోరు మూసుకుని లెక్క వేశాను. ఇవి పెరిగి తొర్రలు పడటానికి ముప్పై ఏళ్లు. ఆ తర్వాత అద్దె బాధే లేదు. ఉడుత ఆయుష్షు నాలుగేళ్లు.

ఈ లెక్క మాత్రం ఎవరికీ చూపించలేదు.

నీతి: జీతం పెంచనంటే ఎందుకని అడగకండి, మీరు అడిగేదాకా వాళ్ల దగ్గర కారణం ఉండదు.