కుందేలు గుమ్మంలో విష్ణుక్రాంత

ఒక పెద్ద అడవిలో ఎవరికీ అక్కర్లేని గులకరాళ్ళ మిట్ట ఒకటి ఉండేది. ఎవరికీ అక్కర్లేదు కాబట్టే కుందేలు కోటమ్మ అక్కడ ఓ తుప్ప కింద పిల్లలతో కాపురం పెట్టింది. చుట్టూ గడ్డి మేసుకునేది. ఆ కురచ గడ్డి సందుల్లో పొద్దున్నే గోరంత నీలిపూలు, విష్ణుక్రాంతలు, విచ్చుకునేవి.

ఆ ఏడు అడవి సభ చేశామని చెప్పుకోదగ్గ పని ఒక్కటీ చెయ్యలేదు. కార్యదర్శి నక్కకు పదవి గుబులు పట్టుకుంది. ఓ పొద్దున మిట్టమీద పూలు చూశాడు. ఇంకేముంది, "మన అడవి పువ్వు ప్రమాదంలో ఉంది" అని సభలో కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునేవాళ్ళు ఉన్నారు గానీ, ఇంత చిన్న పువ్వు పేరు చెప్పి కుర్చీ నిలబెట్టుకున్న ఘనుడు వీడే.

"ప్రమాదం ఎవరివల్లనయ్యా?" అన్నాడు అధ్యక్షుడు ఏనుగు.

"అక్కడ మేసేది కోటమ్మ ఒక్కతే కదండీ."

కోటమ్మ సభ ముందుకొచ్చింది. "అయ్యా, నేను మేసేది గడ్డే. అది పెరిగితే ఆ పువ్వుకి ఎండ తగలదు" అంది.

"నీ అభిప్రాయం చాలా విలువైంది. రేపటికి ఖాళీ చెయ్యి" అన్నాడు నక్క.

మిట్టచుట్టూ ముళ్ళకంచె లేచింది. ప్రారంభోత్సవానికి నెమలి ఆడింది. పువ్వుకు బలం కావాలని అడవిదున్నలు పేడ వేశాయి, ఏనుగు తొండంతో నీళ్ళు పోశాడు. వానలు వెనకబట్టేసరికి గడ్డి నడుమెత్తు పెరిగింది. దాని నీడలో విష్ణుక్రాంత ఒక్కటీ బతకలేదు.

కోటమ్మ వాగు అవతల ఇంకో రాతినేల చూసుకుని, ఎప్పట్లాగే మేసింది. గడ్డి కురచైంది. మట్టిలో పడున్న గింజలకు ఎండ తగిలి, తుప్పచుట్టూ నీలిపూలు పూశాయి.

సభ మొత్తం అక్కడికి పరుగెత్తింది.

"చూశారా, పూలన్నీ ఎత్తుకొచ్చేసింది" అన్నాడు నక్క.

"పోనీలే, దొరికాయిగా. ఇక్కడా కంచె వేయించండి" అన్నాడు ఏనుగు.

"మరి నా పిల్లలో, అయ్యా?"

"పువ్వు కోసం ఆ మాత్రం త్యాగం చెయ్యలేవా తల్లీ?" అని ఏనుగు నిజంగానే నొచ్చుకున్నాడు.

కోటమ్మ కడుపు మండిపోయింది. అయినా ఏం చేస్తుంది, చెప్పేవాడికి వినేవాడు లోకువ. పిల్లల్ని వెంటేసుకుని కొండ దాటి మూడో చోటు చేరింది.

కొన్నాళ్ళకు అక్కడా తుప్ప పక్కన ఓ నీలి మొగ్గ తలెత్తింది. ఎంత ముద్దుగా ఉందో అనుకుంది కోటమ్మ. అటూ ఇటూ చూసి, దాన్ని వేరుతో సహా పీకి, నమిలి మింగేసింది.

నీతి: కొంప నిలవాలంటే గుమ్మంలో అందమైనదేదీ పూయనివ్వకూడదు.