ఒక్క అభిమాని కావలెను

ఏటా నవంబరు ముప్పైలోగా ఒక్క అభిమానినైనా చూపించలేని ప్రముఖుడు డిసెంబరు ఒకటిన ఉదయం పదిన్నరకు అనామకుడైపోతాడు. ఇందులో వింతేమీ లేదు. పెన్షన్‌దారులు బతికే ఉన్నామని ఏటా సర్టిఫికెట్ ఇచ్చుకుంటారు కదా, ఇదీ అంతే. పోయినేడు ఒక వేణు విద్వాంసుడు కాగితం ఒక్కరోజు ఆలస్యంగా పంపాడు. పదిన్నరకు సొంత ఇంటి గేటు దగ్గర సొంత వాచ్‌మన్ ఆయన్ని ఆపి, "ఎవరు కావాలండి?" అని అడిగాడు. విద్వాంసుడు కాసేపు ఆలోచించి, తప్పు ఇంటికి వచ్చానని క్షమాపణ చెప్పి వెళ్లిపోయాడు.

ఏలూరులోని జిల్లా ప్రఖ్యాతి కార్యాలయంలో సంగీతం సెక్షన్ చూసేది సీనియర్ అసిస్టెంట్ నూకరత్నం. జిల్లాకు గాయకుల కింద మంజూరైన ప్రఖ్యాతులు ఏడు. ఏడూ నిండి ఉన్నాయి. ఒకటి ఖాళీ అయితేనే ఇంకొకరికి పేరు రావాలి. ఆ ఒక్క ఖాళీ కోసం నరసాపురం చేపల బజారులో పాడే మట్టపర్తి వెంకాయమ్మ దరఖాస్తు పదకొండేళ్లుగా బీరువాలో పడి ఉంది.

వెంకాయమ్మకు అభిమానులు నలభై ఒక్కమంది. వాళ్లు మామూలు మనుషులు కారు. ఆవిడ పాట ఉందంటే వానలో సైకిళ్లు తొక్కుకుంటూ వస్తారు. ఒకాయన ఆ పాట కోసం కూతురి నిశ్చితార్థమే వాయిదా వేశాడు. నలభై రెండో మనిషి నూకరత్నం. పదకొండేళ్ల కిందట దరఖాస్తు విచారణకని వెళ్లి, చేపల బుట్టల మధ్య నిలబడి ఆ పాట విని, రాయాల్సిన రిపోర్టు రాయకుండా ఏడ్చి వచ్చింది. వెంకాయమ్మ కబురు చేయడానికి వీలుగా ఉంటుందనే ఆ వారమే ఫోను కొనుక్కుంది. ఉద్యోగి గనక అభిమానిగా సంతకం పెట్టకూడదు. ఆ మంటొకటి లోపల ఉండనే ఉంది.

ఈ ఏడు నవంబరు ఇరవై దాటినా లలిత్ వర్ధన్ సర్టిఫికెట్ రాలేదు. లలిత్ వర్ధన్ అంటే తెలియనివాడు లేడు. ఆ పాట పాడిన ఆయనే. నూకరత్నానికి ఆ పాట వింటే ఒళ్లు మండిపోతుంది. బట్టల దుకాణం లిఫ్టులో అదే, స్కానింగ్ సెంటర్లో అదే, పెళ్లి ఊరేగింపులో అదే, కాలేజీ వార్షికోత్సవంలో అదే. పన్నెండేళ్లుగా ఎవరు పెడుతున్నారో, ఎందుకు పెడుతున్నారో దేవుడికి తెలియాలి. క్షేత్ర విచారణ చేసి అభిమాని ఉన్నదీ లేనిదీ తేల్చమని జిల్లా ప్రఖ్యాతి అధికారి సోమయాజులు గారు ఫైలు ఆమె బల్ల మీద పెట్టినప్పుడు, నూకరత్నం మొహం వెలిగిపోయింది.

వారం రోజులు తిరిగింది. ఆటో డ్రైవర్‌ని అడిగింది.

"ఆ పాటంటే ఇష్టమా బాబూ?"

"ఇష్టమేంటండి? బండి స్టార్ట్ చేత్తే అదే వత్తదండి."

"మరి మార్చొచ్చు కదా?"

"మార్చి ఏం పెట్టమంటారండి?"

ఈ ప్రశ్నకు జవాబు చెప్పే గడి ఫారంలో లేదు. బ్యాండు మేస్త్రీని అడిగితే, అది వాయించకపోతే పెళ్లివారు ఏదో తగ్గిందంటారని, వాయిస్తే ఎవరూ వినరని చెప్పాడు. స్కానింగ్ సెంటర్లో అమ్మాయి చెవి ఒగ్గి, "అరె, మోగుతుందాండి?" అంది. నూట ఎనభై మంది. ఒక్కడూ ఇష్టమనలేదు. పోనీ అసహ్యమా అంటే అదీ లేదు. అసహ్యించుకోవడానికైనా కాస్త శ్రద్ధ పెట్టి వినాలి కదా! నూకరత్నానికి తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి లలిత్ వర్ధన్‌కే ఫోన్ చేసింది.

"మీకు తెలిసిన అభిమాని ఎవరైనా ఉన్నారాండి?"

ఆయన చాలా మర్యాదస్తుడు. ఇంట్లోవాళ్లను కేకేసి అడిగి వచ్చాడు. "లేరటండి. నిజం చెప్పాలంటే నేను కూడా పెద్దగా వినను. సభలకి జనం బాగానే వస్తారు. ఎందుకొచ్చారని ఎప్పుడూ అడగలేదండి."

నవంబరు ముప్పై సాయంత్రం నాలుగింటికి నూకరత్నం రిపోర్టు రాయడానికి కూర్చుంది. వరండా బల్ల మీద వెంకాయమ్మ, మెట్ల మీద నలభై ఒక్కమంది. ఖాళీ పడుతుందని వచ్చి కూర్చున్నారు. "అభిమాని లేరు" అని నూకరత్నం పెద్ద అక్షరాలతో రాసింది. పదకొండేళ్లలో ఇంత సంతోషం ఎరగదు. రాసిన మాట కింద రెండు గీతలు గీసింది.

సోమయాజులు గారి గదిలో ఇంటర్‌కం చెడిపోయి చాలాకాలమైంది. రిపోర్టు ఎంతవరకు వచ్చిందో కనుక్కుందామని ఆయన సెల్లు తీసి నూకరత్నానికి కలిపారు. ఆమె పెన్ను కిందపెట్టి ఎత్తేలోపు పల్లవి పూర్తిగా విన్నారు. తర్వాత మెల్లగా, "నూకరత్నమ్మా, ఒకసారి ఇలా రా" అన్నారు.

లోపలికి వెళ్లేసరికి నిబంధనల పుస్తకం తెరిచి ఉంది.

"తొమ్మిదో నిబంధన చదువమ్మా."

ఒక పాటను ఏడేళ్లకు తగ్గకుండా, ప్రతిఫలం ఆశించకుండా, తనను కోరి వచ్చిన ప్రతివారికీ వినిపించిన వ్యక్తి పరమ అభిమాని అనబడును. అభిమాని ఆచూకీ విచారణలో తేలినచో సంతకం విచారణాధికారిదే అయినా చెల్లును.

"నీ కాలర్ ట్యూన్ ఎన్నాళ్ల నుంచి ఉంది?"

"కాలర్ ట్యూనా? నేనేం పెట్టుకోలేదండీ!"

సోమయాజులు గారు తన ఫోను నుంచి మళ్లీ కలిపి ఆమె చెవి దగ్గర పెట్టారు. నూకరత్నం మొదటిసారి తన ఫోన్‌కు తనే చేసినట్టు విన్నది. అదే పాట. కొత్త ఫోను కొన్న వారం తెరమీద ఏదో పెట్టె పదేపదే అడ్డొస్తుంటే, అది పోతే చాలని ఓకే నొక్కింది. అప్పటినుంచి దానంతటదే రెన్యూవల్ అవుతూ వచ్చింది. పెట్టుకున్నవాళ్లకు తప్ప ప్రపంచమంతటికీ వినపడేది అదొక్కటే.

"ఇన్నేళ్లుగా ఒక్కరూ చెప్పలేదేంటండీ!"

"నీకు ప్రాణమేమో అనుకున్నాం. ఒకరి ఇష్టాలతో మనకెందుకమ్మా?"

"ఇప్పుడే తీయిస్తాను. ఒక్క నిమిషం." ఆమె కస్టమర్ కేర్‌కి చేసింది. తీయించుకోవాలంటే మూడు నొక్కమన్నారు, నొక్కింది. లైనులో ఉండమన్నారు, ఉంది. ఉన్నంతసేపూ ఆ పాటే వేశారు. ఐదయ్యేదాకా వేశారు.

సోమయాజులు గారు చెడ్డమనిషి కాదు. "చూడమ్మా, ఆయన పేరు పోతే జిల్లాలో ఉన్న ప్రతి లిఫ్టులోనూ పాట మార్చాలి. ఎవరు మారుస్తారు? ఏం పెడతారు?" అని సంతకం చోట వేలు పెట్టి చూపించారు. నూకరత్నానికి గోడకేసి తల బాదుకోవాలనిపించింది. అబద్ధమైతే ఎదురు తిరిగేది. పదకొండేళ్లూ వినిపించిన మాట నిజమే. "అభిమాని లేరు" కొట్టేసి, కింద తన పేరు, తండ్రి పేరు, వయసు రాసి సంతకం పెట్టింది. స్టాంపు పడింది.

వరండాలోకి వచ్చి ఉన్న విషయం ఉన్నట్టు చెప్పింది. చెబుతుంటే కన్నీళ్లు కారిపోయాయి. మెట్ల మీదివాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వాళ్లలో ఎవరికీ ఆశ్చర్యం లేదు.

"మాకు తెల్సమ్మా" అంది వెంకాయమ్మ. "నా కాయితం ఎందాకా వచ్చిందని ఫోన్ చేసిన పెతిసారీ అదే వచ్చేది కదా. ఈ అమ్మకి ఆ పాటంటే ఎంత పిచ్చో, పాపం మన పనీ చేసిపెడతందే అనుకునేదాన్ని. ఏడవకమ్మా. వచ్చే ఏడు చూద్దారి." చీర కొంగుతో నూకరత్నం కళ్లు తుడిచి మెట్లు దిగింది. దిగుతూ సన్నగా ఏదో కూనిరాగం తీసింది. అది ఏ పాటో నూకరత్నం చెవులు మూసుకున్నా తెలిసిపోయింది. వెనక నలభై ఒక్కమందిలో కొందరు అందుకున్నారు.

డిసెంబరు ఒకటిన పదిన్నరకు ఏమీ జరగలేదు. లలిత్ వర్ధన్‌ను జనం గుర్తుపట్టి పక్కకు తిరిగి తమ పనులు చూసుకున్నారు. కాలర్ ట్యూన్ తీయరాదని, అది రికార్డులో సాక్ష్యమని నూకరత్నానికి మెమో వచ్చింది.

రెండు వారాల తర్వాత మధ్యాహ్నం డబ్బాలో అన్నం తింటుంటే ఫోను మోగింది. వెంకాయమ్మ. అవతల ఏం వినపడుతోందో తలచుకుని, నూకరత్నం ఎంగిలి చేత్తోనే గభాలున ఎత్తింది.

"అయ్యో, అప్పుడే ఎత్తేశారేంటమ్మా!" అంది వెంకాయమ్మ. "పదకొండేళ్లుగా పల్లవే వింటన్నాను. చరణం ఎలాగుంటదో చూద్దామనుకున్నాను."

నూకరత్నం ఫోనుకంటిన మెతుకు తుడిచింది. తర్వాత, "సరే, పెట్టేసి మళ్లీ చెయ్యండి" అంది. ఫోను మళ్లీ మోగింది. డబ్బా పక్కన పెట్టుకుని, అది ఆగేదాకా అన్నం తింటూ కూర్చుంది.